సముద్రానికి ఎడంగా నిలిచిన ఊళ్లు

తల్లీ, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తిరగాల్సిన ఉద్యోగం వచ్చిందనీ, ఏ ఊరు ఎలా ఉంటుందో రాసిపెట్టమనీ అడిగావు. హైదరాబాదులో పుట్టి పెరిగినదానివి. నీకు కోస్తా అంటే వేసవి సెలవులు, విశాఖ బీచి. నేను బ్యాంకు తనిఖీ విభాగంలో పనిచేసినన్నాళ్లూ ఈ ఊళ్లలో ఒక్కోదాంట్లో వారాల తరబడి లాడ్జీల్లో ఉన్నాను. పగలంతా లెడ్జర్లు, సాయంత్రం కాలినడక. ఎవరు దేనికి అప్పు తీసుకున్నారు, ఏ నెలలో తీర్చారు, ఏ ఏడు తీర్చలేకపోయారు అన్నది చూస్తే చాలు, ఆ ఊరికి నీళ్లు ఎటునుంచి వస్తాయో, ఆ నీళ్ల వెంట డబ్బు ఎలా వస్తుందో సగం తెలిసిపోయేది. మిగతా సగం నడిస్తే తెలిసింది. అదే రాస్తున్నాను. వరుస నాకు తోచిన వరుస.

1. సముద్రం కోసం వెతకడం మానెయ్

పటం తెరిచి చూడు. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, ఏలూరు, నెల్లూరు, ఒంగోలు, విజయనగరం, శ్రీకాకుళం. వీటిలో ఒక్కటీ సముద్రపు ఒడ్డున లేదు. అలలకు ఎదురుగా నిలబడ్డ పెద్ద నగరం విశాఖ ఒక్కటే. కాకినాడకు రేవుంది గానీ దాని ముందు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డంగా ఉంటుంది, దక్షిణాన కోరంగి మడ అడవులు.

దీనికి బలమైన కారణాలున్నాయి. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల డెల్టా ముందు సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. ఇక తుపాన్లు. 1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1864 నవంబరు 1 రాత్రి బందరు (మచిలీపట్నం) మీద పడ్డ ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని ఆనాటి లెక్క. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నా తరం వాళ్లెవరూ మరచిపోలేదు. ఆ తర్వాత అవనిగడ్డ వైపు అప్పుల ఖాతాలు తనిఖీ చేస్తుంటే పేజీ తర్వాత పేజీలో ఎర్ర సిరాతో ‘మృతి’ అని రాసి ఉండేది. హామీ ఉన్నవాడి పేరు ఎదురుగా కూడా అదే మాట. సముద్రానికి ఎడంగా ఉండాలని ఈ ప్రాంతం ఎందుకు నేర్చుకుందో నాకు ఆ పేజీలు చెప్పాయి.

మూడో కారణం ఆనకట్టలు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. నది పాయలుగా చీలకముందే, డెల్టా తల దగ్గరే ఆనకట్ట కట్టాలి. రైలు వంతెన వేయడానికీ అదే అనువైన చోటు. 1890ల్లో మద్రాసు నుంచి కలకత్తా వైపు వేసిన రైలు మార్గం ఆ దారినే పట్టింది. రాజమండ్రి, బెజవాడ అలా పెరిగాయి. ఆ మార్గానికి దూరంగా మిగిలిపోయిన బందరు తగ్గింది. కాకినాడకు ఇవాళ్టికీ చాలా రైళ్లకు సామర్లకోటలోనే దిగాలి. కాబట్టి ఏ ఊరు వెళ్లినా ముందు నది ఎటుంది, కాలవ ఎటు పోతోంది, రైలుకట్ట ఊరిని ఎక్కడ కోస్తోంది అన్న మూడూ చూసుకో. ఊరు ఎటు పెరిగిందో, పాత డబ్బు ఎక్కడుందో, పేదవాళ్లు ఎక్కడ ఉంటున్నారో వీటిని బట్టే అర్థమవుతుంది.

2. పగటి రైలెక్కు, కిటికీ పక్కన కూర్చో

రాత్రి బస్సులో పడుకుని పొద్దున్నే వేరే ఊళ్లో లేస్తే రెండు ఊళ్ల మధ్య ఏముందో ఎప్పటికీ తెలియదు. విజయవాడలో పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి విశాఖ చేర్చే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. ఏలూరు నుంచి గోదావరి దాకా వరి, కొబ్బరి, చేపల చెరువులు. గోదావరి దాటి సామర్లకోట మీదుగా అన్నవరం చేరేసరికి కొండలు కనిపించడం మొదలవుతుంది. తుని దాటాక అవి రైలుకు దగ్గరగా వస్తాయి. కాలవ కింది సేద్యం పలచబడి, చెరువు మీదా వాన మీదా ఆధారపడ్డ నేల వస్తుంది. జీడిమామిడి, తాటిచెట్లు, అనకాపల్లి దగ్గర చెరకు. గోదావరి జిల్లాల రైతు ఏ నెలలో అప్పు తీరుస్తాడో చెప్పగలిగేవాణ్ణి. తుని అవతలి రైతు విషయంలో అలా చెప్పడం కుదిరేది కాదు, ఆ ఏడు వాన చూడాలి. ఉత్తరాంధ్ర మనుషులు ఎందుకింత దూరాలు వలస పోతారో ఆ కిటికీ చెబుతుంది.

3. బెజవాడలో కాలవ గట్టు పట్టుకుని నడువు

విజయవాడ వచ్చినవాళ్లు దుర్గమ్మ గుడికి వెళ్లి, బెసెంట్ రోడ్డులో బట్టలు కొని, ఊరు చూసేశామంటారు. నువ్వు ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టు. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. ఊరి వైపు కాలవలు బయల్దేరే చోట కాసేపు నిలబడు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి. ఒకప్పుడు బియ్యం, కట్టెలు, మనుషులు ఈ కాలవల్లో పడవల మీదే కదిలేవారు. కాలవకూ రైలుకట్టకూ మధ్య ఇరుక్కున్న వన్‌టౌన్‌లో టోకు వ్యాపారం కుదురుకోవడానికి కారణం అదే. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ సందుల్లో పొద్దున తిరుగు. మధ్యాహ్నం ఆ ఎండలో తిరగడం కష్టం. బెజవాడ ఎండ గురించి ఎవరు ఎంత చెప్పినా తక్కువే. కొండరాళ్లు రాత్రి కూడా వేడి వదులుతూనే ఉంటాయి.

తర్వాత ఆటోనగర్‌కు వెళ్లు. ఎవరూ చూడమని చెప్పరు గానీ నేను చెబుతున్నాను. 1960ల్లో మొదలైన ఈ పేటలో లారీ బాడీలు కట్టేవాళ్లు, ఇంజన్లు విప్పేవాళ్లు, కమాన్‌పట్టీలు వేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు వేల మంది ఉంటారు. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు రోడ్లు కలిసే ఊరు గనక లారీ ఇక్కడ ఆగింది. ఆగిన లారీకి మరమ్మతు కావాలి. అక్కడ పని నేర్చుకున్న కుర్రాడు ఏ ఊరెళ్లినా బతుకుతాడు. బెజవాడ అంటే దబాయింపు, గొడవ అని సినిమాలు చూసి అనుకునేవాళ్లు ఆటోనగర్‌లో ఒక పూట నిలబడితే ఆ ఊరి అసలు గుణం తెలుస్తుంది. అది చేతిపని తెలిసిన ఊరు.

చదువు ఇష్టం కాబట్టి ఏలూరు రోడ్డు నీకు నచ్చుతుంది. తెలుగు పుస్తకాల ప్రచురణకు చాలాకాలం అదే గుండెకాయ. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్లున్నాయి. 1948 డిసెంబరులో ఇక్కడ రేడియో కేంద్రం మొదలయ్యాక నాటకానికీ లలిత సంగీతానికీ ఈ ఊరు ఎంత చేసిందో నీ తరానికి తెలియదు. కొత్త సంవత్సరం మొదట్లో పుస్తకాల పండుగ జరుగుతుంది, ఆ రోజుల్లో ఆ వైపు పని పెట్టుకో.

4. ఇల్లు అద్దెకు తీసుకునేముందు నీరెక్కడిదాకా వచ్చిందో అడుగు

అద్దె, అడ్వాన్సు, పార్కింగు తర్వాత. ముందు ఈ ప్రశ్న. ఇంటి ఓనరును అడగొద్దు, వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడుగు.

బుడమేరు చిన్న ఏరు. విజయవాడకు పైన వెలగలేరు దగ్గర దాని వరదను మళ్లించి కృష్ణలో కలిపే కాలవ ఉంది. మిగిలిన నీరు ఊరి ఉత్తరపు పక్క నుంచి కొల్లేరు వైపు పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ మళ్లింపు కాలవకు గండ్లు పడ్డాయి. అదే వేళ కృష్ణ కూడా నిండి, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి పోతోంది. సింగ్ నగర్ వైపు లక్షల మంది రోజుల తరబడి నీళ్ల మధ్య ఉండిపోయారు. నది ఒడ్డు కాదు కదా అని ధీమాగా ఉన్న పేట అది. ఆ వానల్లోనే మొగల్రాజపురం వైపు కొండచరియ పడి ప్రాణాలు పోయాయి. అంటే ఆ ఊళ్లో పల్లాన్నీ చూడాలి, కొండ వాలునూ చూడాలి.

నెల్లూరులో 2021 నవంబరున పెన్న ఎక్కడిదాకా వచ్చిందో అడుగు. రాజమండ్రి వైపు పాతవాళ్లు 1986 ఆగస్టు గుర్తు చెబుతారు. ధవళేశ్వరం దగ్గర అప్పుడు దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. గోడ మీద చెయ్యి పెట్టి ఇక్కడిదాకా అని చూపిస్తారు. ఆ చెయ్యి ఎత్తు గుర్తుంచుకో.

5. గుంటూరు చూడాలంటే మిర్చి వచ్చే నెలల్లో వెళ్లు

గుంటూరుకు సముద్రం లేదు, నది లేదు. తాగే నీళ్లు కృష్ణ నుంచే తెచ్చుకోవాలి. అయినా ఇంత ఊరైందంటే చుట్టుపక్కల నల్లరేగడి వల్ల, పొగాకు వల్ల, పత్తి, మిర్చి వల్ల. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలాక పల్నాడు వైపు సేద్యం మారిపోయింది. ఆ డబ్బంతా చేరింది గుంటూరుకే. ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్లు దాని మీదే లేచాయి. చదువు మాత్రం అంతకు చాలా ముందే వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది, వైద్య కళాశాల 1946 నాటిది.

ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య పొద్దున్నే మిర్చి యార్డుకు వెళ్లు. ముక్కుకు గుడ్డ కట్టుకో. పల్నాడు, ప్రకాశం, కర్నూలు, ఖమ్మం వైపుల నుంచి లారీల్లో టిక్కీలు దిగుతుంటాయి. టిక్కీ అంటే మిర్చి మూట. ఘాటుకు తేజ రకం, రంగుకు బాడిగ రకం. తాలుకాయ, అంటే రంగు పోయిన నాసి కాయ, ఎంత కలిసిందో, తేమ ఎంతుందో కొనేవాడు మూటలో చెయ్యి పెట్టి చూసి చెప్పేస్తాడు. ఆ ధర మీద ఒక కుటుంబం ఏడాది నడుస్తుంది. ధర లేకపోతే రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దాని మీద అప్పు తెచ్చుకుని ఎదురుచూస్తాడు. ఎదురుచూసినకొద్దీ వడ్డీ, అద్దె. ఈ లెక్క నేను వేల ఖాతాల్లో చూశాను. తాలుకాయలు ఏరే ఆడవాళ్లతో మాట్లాడు. రోజంతా ఆ ఘాటులో కూర్చుని, ఇంటికెళ్లాక పిల్లల్ని వెంటనే ఎత్తుకోలేమని, చేతులు మండుతాయని చెబుతారు. గుంటూరు కారం అని గొప్పగా చెప్పుకునే ప్రతివాళ్లకూ ఆ చేతుల సంగతి తెలియాలి.

చిరునామా గురించి ఒక మాట. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇది తెలిస్తే ఆ రెండు పేటల్లో దారి తప్పవు.

6. రాజమండ్రిలో గోదావరి గట్టుకు రోజూ వెళ్లు

పుష్కరాలకు వెళ్లి రాజమండ్రి చూడొద్దు. మళ్లీ 2027లో వస్తాయి. స్నానానికి వెళ్తే వెళ్లు, ఊరు మాత్రం ఆ రోజుల్లో కనిపించదు. 2015లో తొలిరోజు పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఎంత ఘోరం జరిగిందో మరవకు.

మామూలు రోజుల్లో, ఆగస్టులో వెళ్లు. గోదావరి ఎర్రగా ఉంటుంది. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరు ఎదురైనా ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో చెబుతారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. టీ కొట్టు దగ్గర ఈ అంకెలు కంఠతా వినిపిస్తాయి. తమ ఇంటికి రాకపోయినా కోనసీమ లంకల్లో ఎవరో ఒక చుట్టం ఉంటాడు గనక ఆ అంకె ప్రతి ఇంటిదీ. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకవాళ్లు గొడ్లను గట్టెక్కించే పనిలో పడతారు.

ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరిట మ్యూజియం ఉంది. తెల్లదొర విగ్రహానికి రైతులు దండలేయడం నీకు వింతగా ఉండొచ్చు. ఆనకట్టకు ముందు ఇదే డెల్టా 1830ల్లో కరువుతో అల్లాడింది. నది పక్కనే పారుతుండగా జనం ఆకలితో చచ్చిపోయారు. ఆ కథ తాతముత్తాతల నుంచి విన్నవాళ్లు దండ వేస్తున్నారు.

ఇన్నిసుపేట వైపు నడిస్తే కందుకూరి వీరేశలింగం గారి ఇల్లుంది. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా వెలివేస్తామన్నా వెనక్కి తగ్గలేదు. ఆ పెళ్లి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. గౌతమీ గ్రంథాలయానికీ దామెర్ల రామారావు చిత్రశాలకూ ఒక రోజు కేటాయించు. రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే, 1925లో పోయాడు. ఆ బొమ్మల్లో గోదావరి వెలుగు ఉంది.

7. తగ్గిపోయిన ఊళ్లను దాటిపోవద్దు

నీ ఉద్యోగం నిన్ను పెద్ద నగరాలకే పంపుతుంది. సెలవు పెట్టుకునైనా బందరు వెళ్లు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు వర్తకం పెట్టిన రేవు ఇది. డచ్చివాళ్లూ ఉన్నారు. గోల్కొండ రాజ్యానికి సముద్రం మీద తలుపు ఇదే. ఆ వర్తకమంతా గుడ్డ మీద నడిచింది. ఆ గుడ్డ ఇంకా పక్కనే పెడనలో తయారవుతోంది. టేకు చెక్క అచ్చులు, పటిక, ఇనుము బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు. కలంకారీ గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే విడిచిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. కాలవకు నీళ్లు వదలని నెలల్లో ఆ పనివాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో అడిగి తెలుసుకో.

బందరు 1864 ఉప్పెన తర్వాత కూడా చచ్చిపోలేదు. కృష్ణాపత్రిక 1902లో ఇక్కడ పుట్టింది, జాతీయ కళాశాల 1910లో వచ్చింది. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్లోనే. 2020లో అది మరో బ్యాంకులో కలిసిపోయిన రోజు, అందులో పనిచేయకపోయినా నాకు మనసు బాగోలేదు. తెలుగువాళ్ల పొదుపు తెలుగువాళ్ల పనికి రావాలనుకున్న మనుషులు రూపాయి రూపాయి కూడగట్టిన సంస్థ అది.

ఏలూరు కూడా అంతే, రైలు ఆగుతుంది, మనం దిగం. కృష్ణ నుంచి వచ్చే కాలవా గోదావరి నుంచి వచ్చే కాలవా కలిసేది ఆ ఊళ్లో. తివాచీల నేత ఉంది, చాలావరకు తగ్గింది. దిగువన కొల్లేరు. దాని మీద ఎన్ని తగాదాలున్నాయో, చేపల చెరువుల గట్లు 2006లో ఎలా తెగ్గొట్టారో, ఎవరి పక్షాన న్యాయం ఎంతుందో ఊళ్లోవాళ్లతో మాట్లాడకుండా తీర్పు చెప్పొద్దు.

8. కాకినాడ గురించి

శుభ్రమైన, తిన్నని వీధులు. ఉప్పుటేరుకు అవతల జగన్నాథపురం. రేవులో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే బార్జీలు బియ్యం మోసుకుపోయే పద్ధతి ఇంకా ఉంది. దాన్ని చూడు. 1923లో కాంగ్రెసు మహాసభ ఇక్కడ జరిగింది. కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిచేటప్పుడు ఆ చెట్లే ఈ ఊరికి ఉప్పెన నుంచి కాపని గుర్తుంచుకో. దగ్గర్లోనే యానాం, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. ఇప్పటికీ పుదుచ్చేరి కిందే ఉంది. కాకినాడ కాజా గురించి నేను చెప్పక్కర్లేదు.

9. విశాఖలో బీచి రోడ్డుకు చివర్న వెళ్లు

ముందు వన్‌టౌన్. రేవు పక్కన మూడు కొండల మీద గుడి, చర్చి, దర్గా ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. పాత ఊరంటే అదే. డాల్ఫిన్స్ నోస్ కొండ అలలను ఆపుతుంది గనక దాని వెనక రేవు కట్టగలిగారు. 1933లో రేవు మొదలయ్యాక ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులేశాయి, జనం ఊరు విడిచి పల్లెలకు పోయారు. 1948 మార్చిలో అదే కేంద్రంలో కట్టిన జల ఉష ఓడను నెహ్రూ గారు నీళ్లలోకి వదిలారు. 1957 నాటికి చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం మోసుకురావడానికి అరకు లోయ మీదుగా రైలు మార్గం వేశారు. మనం అరకు వెళ్లి మురిసిపోయే ఆ సొరంగాలన్నీ జపానుకు ఖనిజం పంపడానికి తొలిచినవే.

ఇక ఉక్కు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఊరూరా లేచిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఊరేగింపుల్లో ఎవరి భాష ఏ జిల్లాదో ఎవరూ చూడలేదు. ఆ కర్మాగారం కోసం భూములిచ్చిన పల్లెల వాళ్లకు ఆర్ కార్డులిచ్చారు, ఉద్యోగం ఇస్తామన్న గుర్తుగా. ఆ కార్డు పట్టుకుని రెండో తరం కూడా ఎదురుచూస్తున్న ఇళ్లున్నాయి. గాజువాక వైపు వెళ్లినప్పుడు వాళ్లతో మాట్లాడు. ప్రభుత్వ రంగాన్ని అమ్మేయడం గురించి టీవీలో వినేదానికంటే అక్కడ వినేది వేరుగా ఉంటుంది.

కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. మన తీరం నుంచి వేల మంది ఓడలెక్కి రంగూన్ వెళ్లి రేవుల్లో, మిల్లుల్లో పనిచేశారు. యుద్ధం వచ్చాక కొందరు, 1960ల్లో మరికొందరు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. బర్మా కాలనీ అన్న పేరు ఈ తీరంలో ఇంకా కొన్ని ఊళ్లలో వింటావు. విన్నచోట ఆగి అడుగు.

తెల్లవారుజామున చేపల రేవుకు వెళ్లు. చేపలు దిగడం చూడాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం వెళ్లకు. ఆ 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలకు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. వాళ్లతో తీరిగ్గా మాట్లాడాలంటే మాత్రం అదే మంచి సమయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ ఊరిని తాకిన రోజు సంగతి అడుగు. కైలాసగిరి మీద పచ్చదనం ఒక్క పూటలో మాడిపోయింది. ఇవన్నీ అయ్యాక సాయంత్రం బీచి రోడ్డుకు వెళ్లు. అప్పుడు ఆ సముద్రం వేరుగా కనిపిస్తుంది.

10. ఉత్తరాంధ్ర మాట విని నవ్వేవాళ్లతో కూర్చోకు

మన సినిమాలు శ్రీకాకుళం యాసను నవ్వులాటకు వాడాయి. ఆఫీసులో ఎవరైనా ఆ యాసను వెక్కిరిస్తే నువ్వు నవ్వొద్దు. ఆ ప్రాంతపు మాటను జనం పలికే తీరులోనే రంగస్థలమెక్కించిన నాటకం కన్యాశుల్కం. దాన్ని విజయనగరంలో 1892లో తొలిసారి ఆడారు. అది రాసిన గురజాడ గారి ఇల్లు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది, వెళ్లి చూడు. 1919లో మొదలైన సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే పాఠం చెప్పారు. ఘంటసాల అక్కడ చదువుకోవడానికి ఎన్ని ఇళ్లలో వారాలు చేసుకున్నారో ఆ ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. ఒక ఊరు ఒక పిల్లాడికి అన్నం పెట్టి పాట నేర్పింది. విజయనగరం గురించి ఇంతకంటే పెద్ద మాట నాకు తెలియదు.

శ్రీకాకుళం నాగావళి ఒడ్డున ఉంది. అరసవల్లి గుడికి అందరూ వెళ్తారు, నువ్వు పొందూరు కూడా వెళ్లు. అక్కడి ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. పెద్ద వయసు ఆడవాళ్లే ఇంకా ఆ పని చేస్తున్నారు. తీరం వెంట మత్స్యకార పల్లెలకు వెళితే మగవాళ్లు తక్కువ కనిపిస్తారు. చెన్నైకి, గుజరాత్‌లో వెరావల్ రేవుకు పడవల మీద పనికి పోయారు. ఇంటి ముందే సముద్రం ఉండి, వేటకు దేశం అవతలి ఒడ్డుకు వెళ్లాల్సి రావడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. మంచి జెట్టీలు, చేప నిలవ చేసుకునే వసతి ఈ తీరానికి ఎప్పుడో రావాల్సింది.

11. నెల్లూరు, ఒంగోలు వేరే తీరు

చీరాల దాటి దక్షిణానికి వెళ్తే కృష్ణ నీటి ధీమా పోతుంది. ఒంగోలు మెట్ట ఊరు. దాని గిత్తలు బ్రెజిల్ దాకా వెళ్లి అక్కడ నెలోర్ అన్న పేరుతో మందలు మందలుగా పెరిగాయి, ఇక్కడ మాత్రం తగ్గాయి. నెల్లూరు పెన్న ఒడ్డు, ఈశాన్య రుతుపవనం ఊరు. మిగతా కోస్తా జూలైలో వాన కోసం చూస్తే నెల్లూరు నవంబరు కోసం చూస్తుంది. వ్యాపారం, వైద్యం, సినిమా, అన్నింటికీ ఒక కన్ను చెన్నై మీద ఉంటుంది. రెండు ఊర్లలోనూ పలకరింపు తక్కువ అనిపిస్తుంది మొదట్లో. వారం ఉంటే పోతుంది.

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు వెళ్లు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె పంచుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. బారాషహీద్ దర్గా ముందు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకునేవాళ్లలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. ఎవరూ ఎవరినీ ఏ మతమని అడగరు.

12. రేవుల్లో ఎగరేసే నంబర్లు నేర్చుకో

అక్టోబరు, నవంబరు నెలల్లో నీ ప్రయాణాలు వీటి మీద ఆధారపడతాయి. తుపాను వచ్చేటప్పుడు విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, కృష్ణపట్నం రేవుల్లో నంబరు ఎగరేశారని వార్తల్లో చెబుతారు. ఒకటి, రెండు అంటే వాయుగుండమో తుపానో దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకే ఈదురుగాలుల ముప్పు. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మూడో నంబరు వినగానే తీరానికి వెళ్లే పని వాయిదా వేసుకో. అయిదు విన్నప్పుడు ఉన్న ఊళ్లోనే ఉండు, మంచినీళ్లు పట్టుకో, ఫోను ఛార్జింగు పెట్టుకో. తుపాను కన్ను మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి రావొద్దు. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్లీ మొదలవుతుంది. దివిసీమ పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మొదటి జాగ్రత్త ఇదే.